చీపురు మలుపు దగ్గర ఆగిన బస్సు

ఘాట్ రోడ్డు మీద బస్సు నడపడంలో తనంతటివాడు లేడనిపించుకున్న పైడిరాజు నేరేళ్ళమెట్ట డిపోలో డ్రైవరుగా ఉండేవాడు. ఒంట్లో ఎలా ఉన్నా, మనసులో ఎలా ఉన్నా "నాకేటి, గుండ్రాయిలాగున్నాను" అనడమే అతనిలోని లోపం.

నేరేళ్ళమెట్ట పెద్ద ఊరేమీ కాదు. తూర్పు కొండల కాళ్ల దగ్గర ఒక బజారు, ఒక సినిమా హాలు, ఒక బస్సు డిపో, అంతే. కానీ ఆ డిపో వాళ్ల గర్వం మాత్రం కొండంత ఉండేది. ఎందుకుండకూడదు? కొండ మీది ఊళ్లకు ఆ బస్సులే దిక్కు. నెలలు నిండిన మనిషి ఆసుపత్రికి దిగాలన్నా, అల్లం బస్తా బజారుకు చేరాలన్నా, మాస్టారు బడికి ఎక్కాలన్నా ఆ బస్సే రావాలి. వాన కురిసినా, మంచు కమ్మినా నేరేళ్ళమెట్ట బస్సు ఆగదని చుట్టుపక్కల పేరు. డిపో మేనేజరు వీరభద్రరావు గారు కొత్తవాళ్లు ఎవరు కనబడినా ముందు ఆ మాటే చెప్పేవారు. "మా డిపోలో భయపడే డ్రైవరు లేడండీ" అని అందరి ముందూ అనేవారు. ఆ మాట విని డ్రైవర్లు మీసాలు దువ్వుకునేవారు. మీసాలు లేనివాళ్లు కూడా ఓసారి మూతి తడుముకునేవారు.

ఆ డిపోలో ఒక ఆచారం ఉండేది. దారిలో ఏ డ్రైవరుకైనా ప్రమాదం ఎదురైతే, మర్నాడు పొద్దున్నే అదే బండిలో, అదే దారిలో అతన్నే పంపేవారు. దానికి 'తిరుగు ట్రిప్పు' అని పేరు. బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డ్రైవరుకు దిష్టి తీసి మరీ ఎక్కించేవారు. భయం పుట్టిన చోటే భయం దిగిపోతుందని వాళ్ల నమ్మకం. ఇదంతా వాళ్లు ప్రేమతోనే చేసేవారు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, లేకపోతే మీరు వాళ్లను గుండె లేనివాళ్లనుకుంటారు.

అయితే తిరుగు ట్రిప్పు వద్దన్నవాడికి మాత్రం ఆ డిపోలో తలెత్తుకునే వీలుండేది కాదు. సన్యాసిరావు అనే డ్రైవరు ఒకసారి బండి జారి గండం తప్పించుకున్నాక, "నాకు కొన్నాళ్లు కింద రోడ్డు డ్యూటీ ఇవ్వండి సార్" అని అడిగాడు. అడగడమే పాపమైంది. అతనికి కోడిపిల్ల అని పేరు పెట్టేశారు. క్యాంటీనులో అతను టీ గ్లాసు అందుకుంటే చాలు, ఏదో మూల నుంచి "కియ్ కియ్" అని వినబడేది. అందరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల్లో పైడిరాజు నవ్వే పెద్దది.

ఒక వానాకాలం పైడిరాజు కొండ మీది జోడుమామిడి సంతకు బస్సు తీసుకెళుతున్నాడు. కండక్టరు గౌరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. చీపురు గడ్డి ఒత్తుగా పెరిగిన మలుపు ఒకటుంది, దాన్ని అందరూ చీపురు మలుపు అంటారు. బస్సు అక్కడికి వచ్చేసరికి పై నుంచి ఒక లారీ బ్రేకులు తప్పి దూసుకొచ్చింది. పైడిరాజు రెప్పపాటులో స్టీరింగు తిప్పి బస్సును కొండ వైపుకు తీసుకెళ్లి ఆనించేశాడు. లారీ బస్సు పక్కనే గీరుకుంటూ పోయి లోయలో పడిపోయింది. బస్సులో ఒక్కరికీ గీత కూడా పడలేదు. కానీ లారీ పక్క నుంచి పోయేటప్పుడు అందులోని డ్రైవరు ముఖం పైడిరాజుకు అద్దంలోంచి కనబడింది. ఒక్క క్షణం ఇద్దరి కళ్లూ కలిశాయి. ఆ మనిషి బతకలేదు.

డిపోలో పైడిరాజుకు పూలదండ వేశారు. "బండెడు జనాన్ని బతికించాడు!" అని బజారంతా చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, డప్పు వాయించి, అదే బండి మీద అదే దారిలో పంపారు. పైడిరాజు వెళ్లాడు, వచ్చాడు. గేటు దగ్గర వీరభద్రరావు గారు స్వయంగా ఎదురొచ్చి భుజం తట్టారు.

"ఏం పైడిరాజూ, భయం దిగిపోయిందా?"

"భయమేటి సార్! నాకేటి, గుండ్రాయిలాగున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. భయం మాత్రం ఎక్కడా దిగలేదు. అతనితోపాటే ఇంటికి వచ్చింది.

ఆ రోజు నుంచి పైడిరాజుకు నిద్ర పట్టడం మానేసింది. కళ్లు మూస్తే ఆ లారీ డ్రైవరు ముఖమే. వంటింట్లో గిన్నె జారి పడితే ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. కూతురు వెనక నుంచి వచ్చి "నాన్నా!" అని మెడకు చుట్టుకుంటే కసిరేవాడు, తరవాత తనే కుమిలిపోయేవాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ కలుపుతూ ఎటో చూస్తూ ఉండిపోయేవాడు.

అతని భార్య వరాలు చూసి చూసి అడిగేసింది.

"ఏటయ్యా అలాగైపోనావు? మనసులో ఏటుందో నాకైనా సెప్పకూడదా?"

"ఏటీ లేదే. డ్యూటీలో అలిసిపోతన్నాను."

ఏం చెబుతాడు? దండ వేయించుకున్నవాడు మర్నాడే భయమేస్తోందంటే లోకం ఏమనుకుంటుంది? సన్యాసిరావుకు పట్టిన గతే తనకూ పడుతుంది. పైగా స్టీరింగు తీసేసుకుని గ్యారేజీలో టైర్లు కడగమంటారు. స్టీరింగు లేని పైడిరాజు అసలు పైడిరాజే కాడని అతని అభిప్రాయం. అందుకని నోరు కుట్టేసుకున్నాడు.

ఇంట్లో వాళ్ల కన్నా ముందే ఈ సంగతి పసిగట్టింది గౌరమ్మ. రోజూ పక్కనే ఉండే మనిషి కదా. ఒకరోజు సంత దగ్గర బస్సు ఖాళీ అయ్యాక ఆమె మెల్లిగా మొదలుపెట్టింది.

"అన్నా, ఒక మాటంటాను, కోప్పడకు. చీపురు మలుపు వచ్చినప్పుడల్లా నీ చొక్కా తడిసి ముద్దయిపోతంది. ఇంత చలిలో చెమటేటన్నా?"

"ఇంజను వేడి."

"ఆ ఇంజను పక్కనే నానూ ఉన్నాను. నాకు వణుకొస్తంది."

"నీ టిక్కెట్లు నువ్వు కొట్టుకో సెల్లీ."

"మా ఆడపడుచు పట్నం పెద్దాసుపత్రిలో నర్సు. ఇలాటివాటికి డాక్టరమ్మ ఉందంట. నిద్ర పట్టనోళ్లూ, బెంగ పెట్టుకున్నోళ్లూ బోల్డుమంది వస్తన్నారంట."

పైడిరాజుకు కోపం నెత్తికెక్కింది. "పిచ్చి డాక్టరా? నానేటి పిచ్చోడిలా కనబడతన్నానా నీకు? నాకేటి, గుండ్రాయిలాగున్నాను!" అని డోరు దడాలున వేశాడు.

గౌరమ్మ చేతిలో టిక్కెట్ల మిషను సర్దుకుని తన చోటుకు వెళ్లి నిలబడింది.

చలికాలం వచ్చింది. ఒకరోజు సంత. తిరుగు ప్రయాణంలో బస్సు కిటకిటలాడుతోంది. పైన అల్లం బస్తాలు, లోపల పసుపు కొమ్ముల మూటలు, సీట్ల కింద కాళ్లు కట్టిన కోళ్లు. జోడుమామిడి దాటగానే మంచు దిగింది. బస్సు మెల్లిగా దిగుతోంది. చీపురు మలుపు ఇంకా కొంచెం దూరం ఉందనగా పైడిరాజుకు లారీ హారను వినబడింది. గుండె ఝల్లుమంది. బ్రేకు తొక్కాడు. చూస్తే ముందు ఏ లారీ లేదు. మంచు మాత్రమే ఉంది.

"ఏటన్నా?" అంది గౌరమ్మ.

పైడిరాజు చేతులు మొద్దుబారాయి. రోడ్డు రెండుగా కనబడుతోంది. ఊపిరి అందడం లేదు. కాలు క్లచ్చి మీద ఉందో లేదో అతనికే తెలియడం లేదు. 'ఆ మలుపొక్కటీ దాటేస్తే చాలు, రోజూ దాటుతున్నదే కదా' అనుకున్నాడు. రోజూ అలాగే అనుకునేవాడు, రోజూ ఎలాగో దాటేసేవాడు. నిజానికి ఆ రోజు కూడా అలాగే చేసి ఉండేవాడు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కానీ అదే సమయంలో తల మీది అద్దంలోకి చూశాడు. వెనక సీట్లో ఒక తల్లి ఒళ్లో బిడ్డను పెట్టుకుని నిద్రపోతోంది. పక్కన ఒక ముసలివాడు కిటికీకి తల ఆనించి గురక పెడుతున్నాడు. కొండ అంచు మీద పోతున్న బండిలో అంత నిశ్చింతగా నిద్రపోతున్నారంటే, స్టీరింగు దగ్గర ఉన్నది పైడిరాజనే కదా! అతనికి కళ్లు చెమ్మగిల్లాయి. మరుక్షణం బస్సును కొండవారకు తీసి ఆపేశాడు. హ్యాండు బ్రేకు లాగాడు. ఇంజను కట్టేశాడు.

"సెల్లీ, సక్రాల కింద రాళ్లు పెట్టు" అన్నాడు.

గౌరమ్మ దిగి రాళ్లు పెట్టి వచ్చింది. జనం లేచి తొంగి చూశారు. "ఏటైంది? బండి సెడిందా?" అని గోల మొదలైంది.

పైడిరాజు సీట్లోంచి లేచి నిలబడి వాళ్ల వైపు తిరిగాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట అతని నోట వచ్చింది.

"బండి బాగానే ఉంది. నాకే బాగోలేదు. నాను నడపలేను."

"జొరమా బాబూ?" అని అడిగిందొక ఆవిడ.

"జొరం కాదమ్మా. మనసు. ఆ లారీ పడినకాడి నుంచీ నా మనసు బాగోలేదు. ఇయ్యాల కాళ్లూ చేతులూ నా మాట ఇనడం లేదు. మీ అందరి పేణాలు ఎట్టుకుని ఆ మలుపు తిప్పనేను." అని తాళం తీసి గౌరమ్మ చేతిలో పెట్టాడు.

ముందు సీట్లోని అల్లం వ్యాపారి విసుక్కున్నాడు. "బాగుందయ్యా! మనసు బాగోలేదని బస్సాపేస్తారా? నాకూ రోజూ బాగోదు. నేను కొట్టు మూసేస్తున్నానా?"

"షావుకారూ, నీ కొట్టు లోయలో పడిపోదు కదా" అంది బిడ్డ తల్లి. అప్పటికి ఆమె నిద్ర లేచింది. బస్సంతా గొల్లుమంది. వ్యాపారి కాసేపు ముఖం ముడుచుకుని, చివరికి కిటికీలోంచి లోయ వైపు చూసి, సీట్లో వెనక్కి జరిగి కూర్చున్నాడు.

గౌరమ్మ ఫోను పట్టుకుని సిగ్నలు దొరికేదాకా రోడ్డు మీద వెనక్కి నడిచి, డిపోకు చెప్పి వచ్చింది. జనం దిగి ఎండు చీపురు గడ్డి పోగేసి చలి కాచుకున్నారు. పైడిరాజు రోడ్డు పక్క పిట్టగోడ మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి అంతకన్నా పెద్ద అవమానం మరొకటి ఉంటుందనిపించలేదు. కాసేపటికి డిపో జీపు వచ్చింది. అందులోంచి దిగిన స్పేరు డ్రైవరును చూసి పైడిరాజుకు నేల చీలితే బాగుండుననిపించింది. వచ్చింది సన్యాసిరావు.

సన్యాసిరావు ముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తరవాత వచ్చి పైడిరాజు పక్కన కూర్చున్నాడు.

"నీళ్లు తాగినావా అన్నా?"

పైడిరాజు తలెత్తలేదు. "నిన్ను కోడిపిల్లన్నాను సన్యాసీ."

"అన్నావు. ఊరికే అన్నావా, గొంతెత్తి మరీ అన్నావు." సన్యాసిరావు నవ్వాడు. "ఇంతకీ సీట్ల కింద నిజం కోళ్లు బోల్డున్నాయంట. అవి కూడా సల్లగా ఇంటికి చేరాలి కదా? లే, పోదాం. నువ్వు నా పక్కన కూర్చో."

బస్సు ఆలస్యంగానైనా క్షేమంగా కిందికి చేరింది. కానీ అప్పటికే మాట పాకిపోయింది. పైడిరాజు భయపడ్డాడట, నడిరోడ్డు మీద బస్సు వదిలేశాడట! చీకటి పడేలోపు బజారులో ఆ మాటకు కాళ్లూ చేతులూ మొలిచాయి. పైడిరాజు ఏడ్చాడన్నారు, పారిపోయాడన్నారు, దయ్యం పట్టిందన్నారు.

మర్నాడు పొద్దున్నే వీరభద్రరావు గారు గేటు దగ్గర అందరినీ సమావేశపరిచారు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పైడిరాజు ఒక పక్కగా నిలబడ్డాడు.

"ఈ డిపోకు ఒక పేరుంది," అన్నారు వీరభద్రరావు గారు. "మీ ముందువాళ్లు కష్టపడి తెచ్చిన పేరు. నిన్న దాన్ని నడిరోడ్డు మీద పారేశారు. మనసు బాగోలేదట! ఇంకెవరికైనా మనసు బాగోలేకపోతే ఇప్పుడే చెయ్యెత్తండి. అతనితోపాటు వాళ్ల స్టీరింగు కూడా తీసేస్తాను!"

అది నిజంగా అడిగిన ప్రశ్న కాదు. అందరినీ అదరగొట్టడానికి అన్న మాట. ఎవరూ కదలరని ఆయనకు నమ్మకం.

అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. అది బుచ్చిబాబుది. బుచ్చిబాబు అంటే ఆ డిపోలో అందరికన్నా పెద్ద మీసం, అందరికన్నా పెద్ద గొంతు. అతన్ని చూస్తే గ్యారేజీలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి.

"నాకు బాగోలేదు సార్," అన్నాడు బుచ్చిబాబు. గొంతు సన్నగా వచ్చింది. "మా పెద్దోడు పోయిన కాడి నుంచీ బండి నడుపుతూనే ఏడుస్తన్నాను. అద్దం మీద వాన పడితే వైపరు తిప్పుతాం. కళ్ల మీద పడితే ఏటి తిప్పుతాం సార్? అలాగే దిగుతన్నాను రోజూ."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మరొక చెయ్యి లేచింది. తరవాత మరొకటి. మెకానిక్కుల వైపు నుంచి కూడా ఒకటి లేచింది. కొందరు సగం ఎత్తి దించేశారు, మళ్లీ ఎత్తారు. అన్నిటికన్నా చివర గౌరమ్మ చెయ్యెత్తింది.

పైడిరాజు ఆమె వైపు తెల్లబోయి చూశాడు. "నీకేటైంది సెల్లీ?"

"లారీ పడిన రోజు ఆ బండిలో నానూ ఉన్నాను కదన్నా," అంది గౌరమ్మ. "తలుపు దగ్గరే ఉన్నాను. అది నా పక్క నుంచే పోయింది. నీకు దండేశారు, దిష్టి తీశారు. మంచిదే. నన్ను మాత్రం ఎలాగున్నావని ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

పైడిరాజుకు సిగ్గేసింది. ముందురోజు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిదీ కాదు.

వీరభద్రరావు గారు ఆ చేతుల వంక చూస్తూ నిలబడిపోయారు. ఆయన స్థానంలో మరొకరుంటే చెయ్యెత్తిన వాళ్లందరి పేర్లూ రాసుకుని ఇంటికి పంపేసేవారు. ఆయనకు గర్వం ఉంది కానీ, ఆ గర్వం కళ్లు మూసేంతది కాదు. బ్రేకు కొంచెం అనుమానంగా ఉందంటే బండిని గేటు దాటనివ్వని మనిషి ఆయన. మరి ఇన్నాళ్లూ ఎలాంటి మనుషుల చేత బండ్లు కొండెక్కించారు? ఆయన ఆఫీసు మెట్టు మీద కూర్చున్నారు.

"చేతులు దించండి," అన్నారు చివరికి. "ఎవరి స్టీరింగూ పోదు. తప్పు నాది. కొండ దారి బాగున్నవాళ్లు తీసుకోండి. పైడిరాజూ, నువ్వు జీపెక్కు. గౌరమ్మా, నువ్వు కూడా."

ఆయనే వాళ్లిద్దరినీ పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చాలాసేపు విడివిడిగా ఇద్దరితోనూ మాట్లాడింది. తరవాత వీరభద్రరావు గారిని లోపలికి పిలిచింది.

"చావును అంత దగ్గర్నుంచి చూసిన మనసుకు గాయమవుతుంది," అంది. "ఇద్దరికీ అదే జరిగింది. దీనికి మందుంది, మాట్లాడటం ఉంది, కొంత వ్యవధి కావాలి. నయమవుతుంది. ఒక్కటే నాకు అర్థం కాలేదు. మర్నాడే మళ్లీ అదే దారిలో ఎందుకు పంపారు?"

"భయం దిగాలనండీ."

"కాలు విరిగినవాణ్ణి మర్నాడే పరుగెత్తమంటారా?"

వీరభద్రరావు గారు లేచి వెళ్లి పైడిరాజునూ గౌరమ్మనూ కూడా లోపలికి పిలిచారు.

పైడిరాజు గుండెలో ఉన్న ప్రశ్న ఒకటే. "డాక్టరమ్మా, నా స్టీరింగు నాకు దక్కుతాదా?" అని అడిగాడు.

"ఎందుకు దక్కదు? కొన్నాళ్లు కొండ వద్దు, కింద రోడ్డు నడపండి. నేను సరేనన్నాక పైకి వెళుదురుగాని. నిన్న బండి ఆపారట కదా, అంత మంచి డ్రైవరుకు స్టీరింగు లేకుండా ఎలా?"

పైడిరాజుకు దండ వేసిన రోజు కలగని సంతోషం ఆ మాటకు కలిగింది.

నేరేళ్ళమెట్ట డిపోలో తిరుగు ట్రిప్పు ఆచారం ఆ వారమే పోయింది. నిమ్మకాయలూ కొబ్బరికాయలూ మాత్రం ఉంచారు, అవి పాపం ఎవరికి ఏం చేశాయి? డాక్టరమ్మ అప్పుడప్పుడు డిపోకే వచ్చి క్యాంటీనులో కూర్చుని అందరితో మాట్లాడేది. మొదట్లో ఆమెను చూసి అందరూ టీ తాగడం మానేసి బయటికి జారుకునేవారు. బుచ్చిబాబు వెళ్లి ఎదురుగా కూర్చున్నాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. డ్యూటీలు పంచే కిటికీ దగ్గర కంట్రోలరు అంతకుముందు "బండెలాగుంది?" అని మాత్రమే అడిగేవాడు. ఇప్పుడు "నువ్వెలాగున్నావు?" అని ముందు అడగాలన్నారు మేనేజరు గారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మొదట్లో పెద్ద పెద్ద మగాళ్లు కొత్త పెళ్లికూతుళ్లలా మెలికలు తిరిగారు. అలవాటయ్యాక బాగానే చెప్పసాగారు.

ఒకరోజు క్యాంటీనులో సన్యాసిరావు టీ అందుకుంటుంటే ఎవరో పాత అలవాటు కొద్దీ "కియ్" అన్నారు. పైడిరాజు లేచి నిలబడ్డాడు.

"ఆ కూతేదో నా వైపు తిరిగి కుయ్యండి. బండాపింది నాను. సన్యాసి ఆ బండిని కిందికి దింపినోడు."

క్యాంటీనులో మరెప్పుడూ ఆ కూత వినబడలేదు.

పైడిరాజు కొన్ని నెలలు కింద రోడ్డు మీద పట్నం బస్సు నడిపాడు. మందులు వేసుకున్నాడు. డాక్టరమ్మ దగ్గర తన మనసులోదంతా చెప్పుకున్నాడు. ఇంట్లో వరాలుకు కూడా చెప్పుకున్నాడు. ఆమె అంతా విని, కళ్లు తుడుచుకుని, "ఈ ముక్క ముందే సెప్పుంటే నాను నీతోపాటు మేలుకునేదాన్ని కదయ్యా" అంది. ఒక ఆదివారం అతను ఆ లారీ డ్రైవరు ఊరు కనుక్కుని వెళ్లి, అతని తల్లి దగ్గర కాసేపు కూర్చుని వచ్చాడు. కడసారి తన కొడుకును చూసిన మనిషి వచ్చాడని ఆ తల్లి అతని చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ తరవాత అతనికి మెల్లిమెల్లిగా నిద్ర పట్టసాగింది.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ కొండెక్కాడు. మొదట్లో సన్యాసిరావు అతని పక్కన కూర్చుని వెళ్లేవాడు. భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కొన్ని రోజుల్లో చీపురు మలుపు దగ్గర గుండె ఇంకా బిగుసుకునేది. కానీ దాచేవాడు కాదు. "ఇయ్యాల కొంచెం బరువుగా ఉంది సెల్లీ, నిదానంగా పోదాం" అనేవాడు. "నాకూ అలాగే ఉందన్నా, నిదానంగానే పోదాం" అనేది గౌరమ్మ. ఇద్దరూ ఆ మలుపు దాటేవారు.

ఒక సంత రోజు పొద్దున జోడుమామిడి బస్సు బయలుదేరాలి. జనం మూటలతో నిండిపోయారు. ఆ రోజు డ్యూటీ బుచ్చిబాబుది. అతను కిటికీ దగ్గరకు వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఇయ్యాల మా పెద్దోడు పుట్టినరోజు. నా మనసు నా దగ్గర లేదు. కొండెక్కనేను."

విన్నవాళ్లందరూ తమ పనుల్లోకి పోయారు, జొరం వచ్చిందని చెబితే ఎలా పోతారో అలాగే. సన్యాసిరావు బుచ్చిబాబును క్యాంటీనులోకి తీసుకెళ్లి టీ చెప్పాడు. వీరభద్రరావు గారు గదిలోంచి బయటికొచ్చి, "బండి ఎవరు తీస్తారు?" అని అడిగారు.

"నాను తీస్తాను సార్" అన్నాడు పైడిరాజు.

"నువ్వెలాగున్నావు?" అని అడిగాడు కంట్రోలరు.

పైడిరాజు ఒక్క నిమిషం తనను తాను నిజంగా చూసుకుని జవాబిచ్చాడు. "రాత్రి నిద్ర పట్టింది. చేతులు నిలకడగా ఉన్నాయి. మలుపు దగ్గర కొంచెం బెంగుంటాది, తెలుసు. నిదానంగా పోతాను."

అతనలా ఉన్నదున్నట్టు చెబుతుంటే వింటున్న వీరభద్రరావు గారి ఛాతీ ఉప్పొంగింది. బస్సు ఎప్పుడూ ఆగని రోజుల్లో కూడా ఆయన తన డిపోను చూసుకుని అంతగా గర్వపడలేదు. గౌరమ్మ బస్సెక్కి "రైట్ రైట్" అంది. బస్సు గేటు దాటి కొండ దారి పట్టింది. బుచ్చిబాబు క్యాంటీను గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు.

బాగోలేదని చెప్పగలగడం అన్నిటికన్నా పెద్ద ధైర్యం. ఆ మాటను నవ్వకుండా వినగలిగినప్పుడే పనిచేసే చోటికి నిజమైన పరువు.